కాళ్లు కడుక్కోమన్న ఇల్లు

పోయిన నెల నల్లగొండలో ఒక కాలేజీ వాళ్లు నన్ను సభకు పిలిచారు. చదువు పూర్తి కావస్తున్న పిల్లలకు ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో, ఇంటర్వ్యూలో ఎలా నడుచుకోవాలో చెప్పే సభ అది. రిటైరైన హెడ్మాస్టరును కదా, నాలుగు మంచి మాటలు చెప్తానని వాళ్ల ఆశ. నాకంటే ముందు హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన మాట్లాడాడు. మెడలో టై, చేతిలో మైకు, ముఖం నిండా నవ్వు. ముందు మీరు పనికొచ్చే మనుషులని చూపించండి, జీతం సంగతి ఎత్తకండి, కొన్నాళ్లు ఊరికే పనిచేయడానికైనా వెనకాడకండి, మీ పని చూసి వాళ్లే పిలిచి కుర్చీ వేస్తారు అని ఆయన బోధ. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, వాళ్లు పిలవకపోతే ఏం చేయాలి సార్ అని అడిగింది. ఆయన నవ్వి, ఓపిక ఉండాలమ్మా అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా వంతు వచ్చి మైకు ముందు నిలబడితే, చెప్పాలనుకున్నవన్నీ పక్కన పెట్టేశాను. అడగండి పిల్లలూ, సిగ్గుపడకుండా నోరు తెరిచి అడగండి అని మాత్రం అనేసి వచ్చి కూర్చున్నాను. ముసలాయనకు మతి తప్పిందనుకొని ఉంటారు. శాలువా మాత్రం కప్పారు. ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఆ కోపం చల్లారలేదు. రాస్తేనన్నా చల్లారుతుందేమోనని కూర్చున్నాను.

మాది ఆత్మకూరుకు పొద్దుటి నడకంత దూరంలో, కృష్ణ వైపున్న ఊరు. సాలోళ్ల వాడ. మా ఇల్లంటే ముందు మగ్గం గుంత, ఆ తరువాతే మనుషులు. బాపు, అంటే మా నాన్న, ఆ గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. అవ్వ, అంటే మా నాయనమ్మ, గోడ వారన రాట్నం ముందేసుకొని కండెలు చుట్టేది. అమ్మ పొయ్యికీ పడుగుకూ మధ్య తిరుగుతూనే ఉండేది. తెల్లవారుజామున వీధిలో పడుగు చాపి గంజి పట్టేటప్పుడు ఆ పులిసిన వాసన వాడంతా కమ్ముకునేది. పొద్దెక్కాక దానిలో జొన్నరొట్టెల వాసన కలిసేది. ఈ రెండు వాసనలూ కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పుడు ఎక్కడైనా గంజి పెట్టిన బట్ట ముక్కు దగ్గరికి వస్తే నాకు ఆకలేస్తుంది. ఇది చెప్తే మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

ఆ వాడలో పని దొరికే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని విడమరచి చెప్పకపోతే మిగిలిన కథ ఎవరికీ అర్థం కాదు. మా వాళ్లలో పని కావాలని నోటితో అడగడం లేదు. అడగడమంటే చేయి చాచడమే. సొంత మగ్గం లేనివాడో, నూలు అందక మగ్గం ఆగిపోయినవాడో, ఇంకో ఊళ్లో మగ్గాలు ఎక్కువున్న ఇంటికి వెళ్లి ఊరికే మగ్గం పక్కన కూర్చునేవాడు. ఇంటాయన నేస్తూనే ఉండేవాడు. వానల ముచ్చట, పెళ్లిళ్ల ముచ్చట నడిచేది కానీ పని మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. వచ్చినవాడు చేతులు ఊరికే పెట్టుకోకుండా తెగిన పోగులు అతికేవాడు, చిక్కుపడ్డ నూలు విప్పేవాడు. అలా మధ్యాహ్నమయ్యేది. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలు గడప దాకా వచ్చి "కాళ్లు కడుక్కో" అంటే వాడికి పని దొరికినట్టు. పనికి కుదిరినవాడు ఆ ఇంట్లోనే తినాలి కాబట్టి, రోజూ ఇంకో మనిషికి వండాల్సింది ఆమే కాబట్టి, ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి. ఆమె రాకపోతే కాసేపు చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. అడిగినవాడూ లేడు, లేదన్నవాడూ లేడు, ఎవరి పరువూ పోలేదు. ఒకసారి కాళ్లు కడుక్కొని ఆ ఇంటి అన్నం తిన్నాక, ఇంటాయన వాణ్ని నడిమధ్య పొమ్మనకూడదు. వాడు ఇంకో ఇంటి మగ్గం వైపు చూడకూడదు. రాసుకున్న కాగితం లేదు, సాక్షులు లేరు. అన్నమే సాక్షి.

ఈ పద్ధతంటే బాపుకు ఎక్కడలేని గర్వం. ఆయన కూడా మీసం మొలవని రోజుల్లో ఒకరింటి మగ్గం పక్కన అలా కూర్చున్నవాడే. ఆ ఇల్లాలి పేరు తలిస్తే చేతులు జోడించేవాడు. పెద్దల పద్ధతులు అందమైనవే, కాదనను. కానీ అందమైన పద్ధతి ఆ వాడ దాటితే చెల్లదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నేను పాలమూరులో చుట్టాలింట్లో ఉండి మెట్రిక్ పాసయ్యాను. మా వాడలో అంతదాకా చదివింది నేనే. అప్పటికి మిల్లు బట్ట సంతలకు వచ్చి పడింది. నూలు ఒక నెల దొరికితే ఇంకో నెల దొరికేది కాదు. వీడు మగ్గం గుంతలో దిగొద్దని బాపు గట్టిగా అనుకున్నాడు. యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడిన కొత్త అది. తాలూకా కచేరీలో, ఏ ఊరి కచేరీయో రాయను, ఒక పేష్కారు ఉండేవాడు. తహసీల్దారు తరువాత అన్నీ ఆయనే. తెల్లటి షేర్వానీ, చెవిలో అత్తరు దూది, మాటలో మెత్తదనం. ఆయన ఇంటి పెళ్లికి బాపు చీరలు నేసి ఇచ్చాడు, ఆ పరిచయం. నన్ను వెంటబెట్టుకుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. ఏం కావాలో మాత్రం చెప్పలేదు. మా పిల్లగాడు మెట్రిక్ పాసైండు సాబ్ అన్నాడు, అంతే. పేష్కారు నన్ను కిందినుంచి మీదిదాకా చూసి, ఉర్దూ వస్తుందా అని అడిగి, సరే ఉమ్మేద్వారుగా వచ్చి కూర్చోనీ అన్నాడు.

ఉమ్మేద్వారంటే ఆశ పెట్టుకున్నవాడు. నిజాం కాలం నుంచి కచేరీల్లో ఉన్న ఆనవాయితీ అది. జీతం ఉండదు, పేరు ఎక్కడా ఉండదు. రోజూ వచ్చి కూర్చోవాలి, చెప్పిన పని చేయాలి, ఎప్పుడైనా ఒక కుర్చీ ఖాళీ అయితే పెద్దవాళ్లు దయతలచి అందులో కూర్చోబెడతారు. పేష్కారు కూడా ఒకప్పుడు అలా కూర్చున్నవాడే. బయటికి వచ్చాక బాపు ముఖం చూడాలి, వెలిగిపోయింది. ఇది కూడా మన తీరే కదా అన్నాడు. పోయి పక్కన కూర్చోవడం, చేతనైన పని చేయడం, నోరు మూసుకొని ఉండడం. సర్కారు కూడా సాలోళ్ల దగ్గరే నేర్చుకుందన్నంత సంతోషం ఆయనకు.

ఇక నేను పొద్దున్నే అమ్మ మూట కట్టిన రొట్టెలూ ఎర్రకారమూ పట్టుకొని నడిచి వెళ్లడం, పొద్దుగూకే వేళకు నడిచి రావడం. కచేరీ గదిలో పాత కాగితాల మక్కు వాసన, బీడీ పొగ, గబ్బిలాల కంపు. గుడ్డలో కట్టిన కాగితాల బస్తాలు కప్పు దాకా ఉండేవి. ఉర్దూలో ఉన్నవాటిని ఇంగ్లీషులోకి, తెలుగులోకి మార్చే రోజులు కాబట్టి నాకు పనికి కొరత లేదు. రాసినవి మళ్లీ రాయడం, బస్తాలు దింపడం, ఎక్కించడం, సంతకానికి పట్టుకుపోవడం, పేష్కారు ఇంటికి కూరగాయలు తెచ్చివ్వడం, ఆయన కోడలిని బస్సెక్కించి రావడం. పొద్దంతా "బాలయ్యా, జర గిటు రా" అనే పిలుపే. కచేరీలో అందరికీ నేనంటే ఇష్టం. ఎందుకుండదు? ఒంటెద్దులా పనిచేసేవాడు, పైసా అడగనివాడు ఎవరికి చేదు? ఇక్కడ ఇంట్లో బాపు నా కోసం ఇంకాస్త పొద్దుపోయేదాకా నేసేవాడు. అవ్వ చూపు మందగించినా రాట్నం వదల్లేదు. అమ్మ తన చీర చిరుగులు లోపలి వైపుకు మడిచి కట్టుకునేది. నాకు అవన్నీ కనపడుతూనే ఉండేవి. పేష్కారును అడుగుతా బాపూ, కుర్చీ ఎప్పుడొస్తదో అని ఎన్నోసార్లు అన్నాను. ప్రతిసారీ ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అడిగితే చులకనైపోతామనేవాడు.

ఒకనాడు పేష్కారు ఇంట్లో మనవడికి పుట్టువెంట్రుకలు తీసే పండుగ చేశారు. కచేరీ అంతా అక్కడే. మిగతావాళ్లు చుట్టాలై వచ్చారు, నేను పనివాడినై వెళ్లాను. బిందెలతో నీళ్లు మోశాను, విస్తర్లు వేశాను, ఎత్తాను. పొద్దు తిరిగింది. అందరూ తిని వక్కాకు నములుతున్నారు. నేను పెరట్లో గోడకు ఆనుకొని ఉంటే పేష్కారు భార్య గడప దాకా వచ్చింది. పెద్ద బొట్టు, చేతిలో గంటె. నన్ను చూసి, "పొద్దుగాల్నుంచి ఏం తినలే గద బిడ్డా, కాళ్లు కడుక్కో" అన్నది.

ఆ మాటను నా వయసువాడు మా వాడలో ఏ అర్థంతో వింటాడో నేనూ అదే అర్థంతో విన్నాను. బాయి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాను. ఆమె నాకు నడిమింట్లో విస్తరి వేసి పెట్టింది, పులిహోర మారు వడ్డించింది. ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి చెప్పాను. బాపు నేస్తున్న నాడె ఆపాడు. ఎవరు పిలిచారు, ఏ మాటన్నారు, ఎక్కడ కూర్చోబెట్టారు అని తరచి తరచి అడిగాడు. అరుగు మీద కాదు కదా అని అవ్వ ఒకటికి రెండుసార్లు అడిగింది. అరుగు మీద పెడితే అది బాటసారికి పెట్టినట్టట. నడిమింట్లోనే అని చెప్పాక ఆమె రాట్నం పక్కకు జరిపి, "ఇల్లాలే పిలిచిందంటే ఇగ అయిపోయినట్టే. నీ కొడుకు కొలువుల కుదిరిండు" అన్నది. ఆ పూట అమ్మ బెల్లం వేసి పాయసం చేసింది. వాడలో నలుగురికీ తెలిసిపోయింది. బాలయ్యకు కచేరీలో కొలువైందంటే కాదనేవాళ్లు ఎవరు? మాకే అనుమానం లేదు.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. నాకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన రాజయ్య సారు ఒక సాయంత్రం వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. జిల్లాలో ఊరూరా కొత్త బడులు తెరుస్తున్నారు, పంతుళ్లు దొరకడం లేదు, మెట్రిక్ పాసైనవాళ్లను పాలమూరులో కూర్చోబెట్టి అప్పటికప్పుడు తీసుకుంటున్నారు, వచ్చే సోమవారం సర్టిఫికెట్ పట్టుకొని పోతే చాలు అన్నాడు. ఆయన గొంతులో తొందర నాకు ఇప్పటికీ వినపడుతుంది. నేను లేచి నిలబడ్డాను. పెట్టెలోంచి సర్టిఫికెట్ తీయడానికి లోపలికి పోబోతుంటే బాపు ఆపాడు.

"నువ్వు ఆ ఇంట్ల అన్నం తిన్నవు" అన్నాడు. "తిన్నంక ఇంకో ఇంటి దిక్కు చూస్తె సాలోని మాటకు విలువేముంటది?"

అమ్మ అడ్డం పడింది. ఆ కుర్చీ వచ్చేదాకా పిల్లగాడు ఊరికే తిరగాలా, ఇది చేతికి వచ్చింది కదా అన్నది. రాజయ్య సారు ఓపికగా చెప్పి చూశాడు. అది కచేరీ, ఇది మగ్గం కాదు, వాళ్లకు నీ అన్నం సంగతి తెలియదు అన్నాడు. బాపుకు కోపం వచ్చింది. పేష్కారంతటి పెద్దమనిషి ఇల్లాలికి ఆ మాత్రం తెలియదా, రేపు కుర్చీ ఖాళీ అయ్యేనాటికి నువ్వు లేకపోతే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు అని ఆయన వాదన. పేష్కారు పరువు కోసం మా బాపు పడ్డ తాపత్రయం తలచుకుంటే నాకు ఇప్పుడూ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. నేను అరిచాను, అన్నం మానేశాను, అవ్వతో చెప్పించాను. ఏదీ పారలేదు. సోమవారం నాడు నేను పాలమూరు బస్సు ఎక్కాల్సిన వేళకు, ఎప్పటిలాగే రొట్టెల మూట పట్టుకొని కచేరీకి నడిచాను.

చలికాలంలో ఒక గుమాస్తా రిటైరయ్యాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆయనకు పూలదండ వేసిన చేతులతోనే నేను ఆ బల్ల తుడిచాను. నాకే అన్న నమ్మకం. ఆ తరువాత ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఆ కుర్చీలో ఎవరో కూర్చొని ఉన్నాడు. నా ఈడువాడే. పక్కన గొడుగు, కొత్త తోలు సంచి. జిల్లా నుంచి ఆర్డరు పట్టుకొని వచ్చాడు. పేష్కారు నన్ను పిలిచి, ఎప్పటి మెత్తదనంతోనే, బాలయ్యా, కొత్తాయనకు జర అన్నీ చూపెట్టు అన్నాడు. నేను చూపెట్టాను. ఏ బస్తా ఎక్కడుందో, సిరా బుడ్డి ఎక్కడుందో, మంచినీళ్ల కుండ ఎక్కడుందో. పాపం ఆ అబ్బాయి మర్యాదస్తుడే, మీరు ఏ పోస్టులో ఉన్నారండీ అని అడిగాడు. నాకు చెప్పడానికి పేరే లేదు.

ఇంట్లో చెప్తే బాపు నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. మర్నాడు ఉతికిన ధోతి కట్టుకొని, తలకు రుమాలు చుట్టుకొని నాతో బయలుదేరాడు. అప్పుడైనా అడుగుతాడనుకున్నాను. కచేరీ వరండాలో గోడ వారన కింద కూర్చున్నాడు. బంట్రోతు ఎవరు కావాలని అడిగితే ఊరికే వచ్చానన్నాడు. అక్కడ ఒక గంపలో బస్తాలు కట్టే తాళ్లు, సుతిలి దారాలు చిక్కులు పడి కుప్పగా పడి ఉన్నాయి. బాపు ఆ గంప ముందుకు లాక్కొని, ఒక్కొక్క ముడీ విప్పుతూ కూర్చున్నాడు. కిటికీలోంచి నాకు ఆయన రుమాలు కనపడుతూనే ఉంది. నేను ఏం చూస్తున్నానో నాకు అర్థమైంది. మా బాపు సర్కారు కచేరీ వరండాలో కూర్చొని పోగులు అతుకుతున్నాడు. ఎవరో వచ్చి ఆ మాట అంటారని చూస్తున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ఎక్కువగా కోపం వచ్చింది. పోయి ఆ గంపను తన్నేయాలనిపించింది.

పేష్కారు ఎన్నిసార్లు వరండా దాటాడో. సాయంత్రం ఇంటికి పోతూ ఆగాడు. గంప ఖాళీ అయి, తాళ్లన్నీ వరసగా చుట్టలు చుట్టి ఉన్నాయి. ఏం పెద్దమనిషీ, పొద్దుగాల్నుంచి కూసున్నవు, ఏం పని అన్నాడు. బాపు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"మా పిల్లగానికి మీ ఇంట్ల అన్నం పెట్టిండ్రు గద సాబ్" అన్నాడు.

పేష్కారుకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. "ఆ, పెట్టినం. పండుగ నాడు ఊరందరికీ వట్టిగనే పెట్టినం. ఐతే?" అన్నాడు. బాపు ఇల్లాలు పిలిచిన సంగతి చెప్పాడు, మా ఇళ్లలో ఆ మాటకు ఉన్న విలువ చెప్పాడు, పాలమూరు పోకుండా నన్ను ఆపిన సంగతి చెప్పాడు. పేష్కారు ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు ఆయన, అదే నా బాధ. చెడ్డవాడైతే ఇన్నేళ్లూ హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆయన బాపు భుజం మీద చేయి వేసి, మా జమానాల గిట్లనే ఎక్కినం, గిప్పుడు కొలువులన్నీ పైనుంచే వస్తున్నయి, నా చేతుల ఏం లేదు అన్నాడు. ఎప్పటినుంచి సార్ అని నేను అడిగాను. ఆ కచేరీలో నేను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన నేల చూస్తూ, నువ్వు రాక ముందు నుంచే అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు అడగలే గద బిడ్డా" అన్నాడు.

ఊరికి నడుస్తూ బాపును వెనక వదిలేసి ముందుకు వచ్చేశాను. పక్కన నడిస్తే ఏమంటానో నాకే భయం. మర్నాడే పాలమూరు వెళ్లాను. పోస్టులు నిండిపోయాయన్నారు. నా వెనక బెంచీలో కూర్చొని ఒకసారి తప్పి పాసైనవాడు అప్పటికే పక్క తాలూకాలో పంతులై, సైకిల్ కొనుక్కున్నాడు. నేను ఏ మగ్గం గుంతలో దిగొద్దని బాపు అనుకున్నాడో అదే గుంతలో దిగి కొన్నేళ్లు నేశాను. తండ్రీ కొడుకులం ఎదురెదురు మగ్గాల మీద, మధ్యలో నాడె చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా. ఆయన మీద కోపం ఉండేది. ఆయన మీద కోపం వచ్చినందుకు నా మీద ఇంకా కోపం ఉండేది. ఆ ఏళ్లు నాకు ఎవరు తిరిగిస్తారు?

చివరికి మర్రిగూడ వైపు ఒక బడికి పంతులు కావాలంటే ఇటు నల్లగొండ జిల్లాకు వచ్చాను. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగితే పళ్లు పచ్చబడతాయని, నడుములు వంగుతాయని ఎవరూ పోయేవాళ్లు కాదు. తీసుకునే అధికారి నా పేరు అడిగాడు. నేను పేరు చెప్పి వెంటనే, జీతం ఏ రోజు నుంచి లెక్క, నెలనెలా ఇస్తారా, ఆర్డరు ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, ఈ పోస్టు ఉంటుందా తీసేస్తారా, ఉండడానికి గది ఉందా అని వరసగా అడిగేశాను. ఆయన కళ్లద్దాలు తీసి, ఏమయ్యా, నువ్వు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నవా అన్నాడు. అవును సార్ అన్నాను. ఆర్డరు చేతికి వచ్చేదాకా ఆ బెంచీ మీంచి లేవలేదు. ఆ మొరటుతనమే నాకు అన్నం పెట్టింది. ఆ తరువాత నా దగ్గర చదివి, ఉద్యోగం కోసం సలహాకు వచ్చిన ప్రతి పిల్లవాడికీ నేను చెప్పింది ఇదే. వినయంగా ఉండు, కానీ మొదటి రోజే అడుగు. వాళ్లు మంచివాళ్లని అడగడం మానొద్దు, మంచివాళ్లనే ముందు అడగాలి. కాదని వాళ్ల నోటితో చెప్పించుకొని రా, అప్పుడు ఇంకో గడప తొక్కవచ్చు. అవుననీ కాదనీ చెప్పని చోట మాత్రం ఒక్క నెల కూడా కూర్చోకు.

ఇప్పుడు షేర్వానీలు పోయాయి, బస్తాలు పోయాయి. ఉమ్మేద్వారు అన్న మాట ఈ తరం పిల్లలకు తెలియదు. పేర్లు మారాయి, అద్దాల మేడలు వచ్చాయి, అనుభవం వస్తుంది నేర్చుకో అని పిల్లలను ఊరికే పనిచేయించుకునే తీరు మాత్రం చెక్కుచెదరలేదు. మా రోజుల్లో కనీసం చాయ్ పోసేవాళ్లు. ఇంకో తేడా కూడా ఉంది. మా వాడలో మాట లేకుండా కుదిరిన పనికి అటువైపు ఇల్లాలు కూడా కట్టుబడి ఉండేది. ఇప్పుడు ఈ టై కట్టుకున్నాయన చెప్పే ఓపికలో కట్టుబాటంతా ఒకవైపే ఉంది. వెనక వరుసలో లేచి అడిగిన ఆ అమ్మాయి పేరు కూడా నేను తెలుసుకోలేదు. చప్పట్లలో ఆమె ప్రశ్న కొట్టుకుపోయింది.

బాపు సంగతి ఒకటి మిగిలిపోయింది. ఆ వరండా నుంచి వచ్చిన తరువాత ఆయన ఎవరింట్లోనూ ముద్ద ముట్టలేదు. మొదట ఎవరూ గమనించలేదు. కొన్నేళ్లకు కొల్లాపురంలో మా అత్త, అంటే బాపు సొంత చెల్లెలు, బిడ్డ పెళ్లి చేసింది. నేను మర్రిగూడ నుంచి సెలవు పెట్టి వెళ్లి ఆయనను తీసుకుపోయాను. అమ్మ మోకాళ్ల నొప్పులతో రాలేదు. బంతిలో అందరూ కూర్చున్నారు, బాపు స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. అత్త వచ్చి చేయి పట్టుకుంది. నా ఇంట్ల గూడ తినవా అన్నా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆకలైతలేదు చెల్లె అన్నాడు. పొద్దున అంబలి కూడా తాగకుండా బయలుదేరిన మనిషి. బస్సులో ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వస్తూనే పొయ్యి దగ్గర కూర్చొని, అమ్మ తన కోసం వండుకున్న జొన్న గట్క గిన్నె ముందుకు లాక్కొని, తల ఎత్తకుండా తిన్నాడు. అమ్మ చూసి చూసి, "పెండ్లిల అన్నం పెట్టలేదా?" అని అడిగింది.

"పెట్టిండ్రు" అన్నాడు బాపు. "వట్టిగ పెట్టిండ్రు."

అమ్మ మరో గంటె వేసింది.